ఆయుధపూజలో మైక్రోస్కోపు

మైక్రోస్కోపులో మొదటిసారి కన్ను పెట్టిన ప్రతివాడికీ ముందు కనిపించేది వాడి కనురెప్ప వెంట్రుకలే. తర్వాత కనిపించేది గాలిబుడగ. తిరుపతిలో నేను సైన్సు అయ్యవారిగా పనిచేసిన హైస్కూల్లో పిల్లలు ఏటేటా ఆ గాలిబుడగనే నల్లటి అంచుతో సహా గుండ్రంగా, ఎంతో శ్రద్ధగా గీసి, కింద ‘అమీబా’ అని రాసి నా ముందు పెట్టేవాళ్లు. అమీబా గుండ్రంగా ఉండదురా, ఒక ఆకారంలో నిలవదురా అని నేను మొత్తుకుంటే, “కదిలింది సార్, నేను సూసినా” అనేవాళ్లు. కదిలింది బల్ల. ఆ బల్లకు ఒక కాలు పొట్టి. దాని కింద పెట్టమని నేను తెచ్చిన పెంకుముక్కను ఎవడో ప్రతివారం తీసి బయట పారేసేవాడు.

నాకు కోపం త్వరగా వస్తుంది, ఇప్పటికీ అంతే. వచ్చినంత త్వరగా పోతుంది కూడా. కానీ జపానుతో యుద్ధం నడుస్తున్న రోజుల్లో ఒక దసరా పండక్కి వచ్చిన కోపం మాత్రం ఇంకా పూర్తిగా పోలేదు. అది ఎవరి మీద కోపమో తేల్చుకోలేకపోవడమే కారణమనుకుంటాను. మా నాయన ప్రాణం ఒక గాజుపలక మీది నెత్తురు చుక్కలో ఏముందో చూడగలగడం మీద ఆధారపడింది. చూసే యంత్రం మా బడిలోనే ఉంది. ఆ సంగతి తెలియాలంటే ముందు మా బడిలో ఏ యంత్రాలున్నాయో, ఏది ఎంతవరకు చూపిస్తుందో చెప్పాలి. కాస్త ఓపిక పట్టండి.

సాదా మైక్రోస్కోపులు నాలుగో ఐదో ఉండేవి. చెక్కపీట, దాని మీద ఇనుపకడ్డీ, కడ్డీకి ఒకే ఒక్క ఉబ్బెత్తు కటకం. కాళ్లున్న భూతద్దం అనుకోండి. మందారపువ్వును కోసి కేసరాలు చూడ్డానికి, బొద్దింక నోటిని ముక్కలుగా విప్పడానికి అది చాలు. ఇవి కాక ఒక చిన్న సంయుక్త మైక్రోస్కోపు ఉండేది. అందులో కటకాలు రెండు చోట్ల ఉంటాయి. వస్తువుకు దగ్గరగా ఉన్న కింది కటకం గొట్టం లోపల ఒక పెద్ద బొమ్మను తయారు చేస్తుంది. కంటి దగ్గరున్న పై కటకం ఆ బొమ్మను పట్టుకుని మళ్లీ పెద్దది చేస్తుంది. అంటే మనం చూసేది వస్తువును కాదు, దాని బొమ్మను. అదీ తలకిందులుగా. పలకను కుడికి జరిపితే లోపలి బొమ్మ ఎడమకు పరిగెడుతుంది. ఈ ఒక్క ముక్క పిల్లలకు అర్థమయ్యేలా చెప్పేసరికి నా తల ప్రాణం తోకకొచ్చేది. పారిపోతున్న పురుగును పట్టుకోబోయి వాళ్లు గొట్టాన్ని గబగబా కిందికి తిప్పి గాజుపలకను పటుక్కుమనిపించేవాళ్లు. ఆ చప్పుడు గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఎంత పెద్దది చేస్తే అంత బాగా కనిపిస్తుందని అందరూ నమ్మేవాళ్లు, అయ్యవార్లతో సహా. అది తప్పు. ఊదని రబ్బరు బుడగ మీద సిరాతో ఒక అక్షరం రాసి, ఊది చూడండి. అక్షరం పెద్దదవుతుంది. మీరు రాయని గీత ఒక్కటి కూడా అందులో కొత్తగా రాదు, పైగా ఉన్న సిరా వెలిసిపోతుంది. మైక్రోస్కోపు గొప్పతనం దగ్గర దగ్గరగా ఉన్న రెండు చుక్కల్ని రెండుగా విడదీసి చూపడంలో ఉంది. అందుకు వస్తువు నుంచి నలుదిక్కులా బయలుదేరిన వెలుతురును కింది కటకం ఎంత ఎక్కువగా పోగుచేసుకుంటే అంత మంచిది.

అట్లా పోగుచేసుకోగల కటకం మా బడిలో ఒక్క యంత్రానికే ఉండేది. కార్వేటినగరం వైపు జమీందారీలో ఎప్పుడో పనిచేసిన ఒక డాక్టరు పోయాక, ఆయన వాళ్లు దాన్ని బడికి ఇచ్చేశారు. ఇత్తడిది, బరువైంది. కింద తిరిగే బిళ్లకు మూడు కటకాలు. మూడోది నూనె కటకం. వెలుతురు గాజులో నుంచి గాలిలోకి వచ్చేటప్పుడు పక్కకు వంగి చెదిరిపోతుంది. ఏటవాలుగా వచ్చేదంతా కటకానికి అందకుండానే పోతుంది. పలకకూ కటకానికీ మధ్య ఒక చుక్క నూనె వేస్తే అక్కడ ఇక గాలి ఉండదు. వెలుతురుకు నూనె కూడా ఇంచుమించు గాజులాంటిదే, అందుకని వంగకుండా తిన్నగా కటకంలోకి వెళ్తుంది. అప్పుడు నెత్తుటి కణం లోపల దాక్కున్న మలేరియా పురుగు కూడా బయటపడుతుంది. దానికి వాడే దేవదారు నూనె యుద్ధంతో దొరకడం మానేసింది. ఆముదంతో కూడా పని జరుగుతుందని నేను ఎక్కడో చదివాను.

చదివాను, అంతే. చేసి చూసే అవకాశం రాలేదు. హెడ్‌మాస్టరు గారు ఆ యంత్రాన్ని ఎవర్నీ తాకనిచ్చేవారు కాదు. ఆయన గదిలో గాజుబీరువాలో అది ధగధగా మెరుస్తూ ఉండేది. ఇన్‌స్పెక్టరు వచ్చినప్పుడు బీరువా తలుపు తెరిచేవారు, యంత్రాన్ని మాత్రం బయటికి తీసేవారు కాదు. నేను అడిగినప్పుడల్లా ఒకటే మాట. “పిల్లకాయల చేతికిస్తే అది నాలుగు దినాలు ఉంటుందా? అవసరం రానీవయ్యా, నేనే తీసిస్తాను.” ఆయన మంచివాడే. మంచి వస్తువు వాడితే పాడవుతుందని నమ్మిన మనిషి. మా ఇళ్లల్లో కూడా పట్టుచీరల సంగతి, వెండిగిన్నెల సంగతి అంతేగా.

ఆ దసరా సెలవులకు ఇంటికి పోయాను. మా ఊరికి పూతలపట్టులో బస్సు దిగి లోపలికి నడిచిపోవాలి. ఆ ఏడు వానలు బాగా పడ్డాయి. వరికయ్యల్లో నీళ్లు నిలిచి, ఊరంతా దోమలు, ఇంటింటా మంచం మీద ఒకరు. మా ఇంట్లో మా నాయన. ఆయన జబ్బని పడుకోవడం నేను పుట్టి ఎరగను. గానుగాడే రోజుల్లో బెల్లంపెనం దగ్గర గంటలకొద్దీ నిలబడి, మళ్లీ నేరుగా దుక్కికి మడక కట్టుకుని పోయేవాడు. అట్లాంటి మనిషి మూడు బొంతల కింద పళ్లు కొరుకుతూ వణుకుతున్నాడు. మంచంకోళ్లు నేలకు టకటకా కొట్టుకుంటున్నాయి. ఆ తర్వాత నిప్పులాంటి జ్వరం, ఆ తర్వాత ఒళ్లంతా చెమట, కాస్త తేరుకోవడం, మళ్లీ వణుకు. తేరుకుని ఉండే పొద్దు రానురానూ తగ్గిపోతోందని అమ్మ చెప్పింది. అది విన్నాక నాకు భయం పట్టుకుంది.

దగ్గర్లోని చిన్న ఆసుపత్రికి బండిలో తీసుకుపోయాం. డాక్టరు కడుపు నొక్కి చూసి, కనురెప్ప లాగి చూసి, నన్ను పక్కకు పిలిచాడు.

“చలిజ్వరమే అయ్యోరూ, మలేరియా. నాకు అనుమానం లేదు. కానీ క్వినైను ఇయ్యలేను.”

జపాను వాళ్లు జావాను పట్టుకున్నాక మనకు క్వినైను రావడం ఆగిపోయింది. సిపాయిలకు పోను మిగిలిన పిసరంత మందును, నెత్తురులో పురుగును కళ్లారా చూశామని ఎవరైనా రాసిస్తేనే ఇవ్వాలని ఆ ఆసుపత్రికి పైనుంచి హుకుం. చూడ్డానికి వాళ్ల దగ్గర మైక్రోస్కోపు లేదు. ఉన్న ఒక్కదాన్నీ యుద్ధం పనికని తీసుకుపోయారు.

“చూసే యంత్రాన్ని ఎత్తకపోయి, చూస్తేనే మందియ్యమంటే ఎట్లా సార్?” అన్నాను.

“ఆ మాట నేను అడగలేదనుకుంటిరా?” అన్నాడాయన విసుగ్గా.

డాక్టరు మా నాయన వేలు పొడిచి, నెత్తురును రెండు గాజుపలకల మీద పలచగా పూసి, ఆరబెట్టి, రంగు పోసి కడిగాడు. ఒకటి చిత్తూరుకు పంపుతానన్నాడు. జ్వరాల కాలం కాబట్టి అక్కడ వరుసలో పెడతారనీ, జవాబు వచ్చేసరికి వారం దాటుతుందనీ అన్నాడు. మా బడి యంత్రం సంగతి నేను చెప్పాను కాబట్టి, రెండోది దూదిలో చుట్టి నా చేతికిచ్చాడు. “మీ బడిలో నూనె కటకం ఉండాదంటిరి కదా. సూసి రాసియ్యండి. కొడుకు రాసిస్తే చెల్లదు, మీ హెడ్‌మాస్టరు సంతకం కావాల. ఆయన సూసినాను అంటే చాలు, ఆ పూటే మందిచ్చేస్తాను.”

నాయనను ఇంటికి చేర్చి నేను బయలుదేరుతుంటే, ఆయన బొంతలో నుంచి తల బయటికి పెట్టాడు.

“నా నెత్తురు యాడికి తీసకపోతా ఉండావురా?”

“తిరుపతికి నాయనా. అద్దంలో చూస్తేనే మందిస్తారంట.”

“నేనీడ మంచంతో సహా ఊగిపోతా ఉంటే కంటికి కనపళ్లేదా వాళ్లకి? అద్దంలో సూస్తేనే నమ్ముతారా?” అన్నాడు. నా కోపం ఆయన నుంచి వచ్చిందే. నేను చెప్పులు తొడుక్కున్నాను.

పూతలపట్టులో బస్సు కోసం పొద్దెక్కేదాకా కాచుకున్నాను. పెట్రోలు కరువు కదా, బస్సు వెనక బొగ్గుల కుంపటి కట్టి, ఆ పొగతో నడిపేవాళ్లు. నడిపేవాళ్లు అంటున్నాను కానీ, ఎగువ వచ్చిన చోటల్లా మేం దిగి తోసేవాళ్లం. తోస్తున్నంతసేపూ నా ఒక చెయ్యి బస్సు మీద, ఇంకో చెయ్యి జేబులోని గాజుపలక మీద. పక్కనున్నాయన “ఏమప్పా, ఒంటిచేత్తో తోస్తావేంది?” అని దబాయించాడు. జేబులో మా నాయన ప్రాణం ఉందని ఆయనకు ఎట్లా చెప్పేది? అట్లాగే ఒంటిచేత్తో తోశాను.

బడికి చేరేసరికి సాంబ్రాణి వాసన. ఆ రోజు మహానవమి, ఆయుధపూజ. హెడ్‌మాస్టరు గారి గదిలో పొడుగు బల్ల మీద పసుపుగుడ్డ పరిచి వస్తువులన్నీ వరుసగా పెట్టారు. గ్లోబు, త్రాసు, ఫుట్‌బాలు పంపు, తోటమాలి కత్తెర, బడిగంట సుత్తి, సుద్దముక్కల పెట్టె, సాదా మైక్రోస్కోపులు, చిన్న సంయుక్త మైక్రోస్కోపు. నట్టనడుమ చేమంతి దండ వేసుకుని ఇత్తడి మైక్రోస్కోపు. ఒంటినిండా గంధం, కుంకుమ బొట్లు. ముందు కొబ్బరిచెక్కలు, బొరుగులు. హెడ్‌మాస్టరు గారు పట్టుపంచెలో ఉన్నారు.

“సార్, మా నాయనకు చలిజ్వరం. ప్రాణం మీదికి వచ్చినట్టుంది. ఈ పలక చూడాలి. ఇత్తడిది కావాలి సార్.”

ఆయన ముఖం కలవరపడింది. నిజంగానే కలవరపడింది. పలకను వెలుతురుకు పెట్టి చూసి, నా భుజం మీద చెయ్యి వేశారు. “పూజలో పెట్టేసినాను కదయ్యా. ఇప్పుడెట్లా కదిలించేది? రేపు దశమి. పొద్దున్నే ఉద్వాసన చెప్పి నేనే నీ చేతికిస్తాను.”

ఆయుధపూజలో పెట్టిన పనిముట్టును దశమి దాకా ఎవరూ ముట్టరు. మా నాయన మడకకు బొట్టు పెట్టాడంటే మర్నాటి దాకా దాని నీడ కూడా తొక్కేవాడు కాదు. అది నాకు తెలియంది కాదు. అయినా మొండికేశాను. ప్రాణం పెద్దదా, పూజ పెద్దదా అని గొంతు పెంచాను. ఆయన మాత్రం గొంతు పెంచలేదు. “మీ నాయనకు మంచి జరగాలనే చెప్పతా ఉండాను. పూజలో ఉండేదాన్ని లాక్కోని సూస్తే ఏం మంచి జరుగుతుందయ్యా?” అన్నారు. సైన్సు చదివినవాణ్నే, కానీ నాయన అట్లా ఉండగా ఆ దండను నా చేత్తో తెంచే ధైర్యం నాకు లేకపోయింది. తిరుపతిలోనే ఇంకో రెండు చోట్ల అడిగాను. పండుగ. యంత్రం ఉన్న చోట మనిషి లేడు.

ఆ సాయంత్రం నా అద్దెగదిలో పలకను ముందు పెట్టుకుని కూచున్నాను. అంతకుముందే ఒక మద్రాసు పత్రికలో కొత్తరకం మైక్రోస్కోపు గురించి చదివాను. అందులో వెలుతురు ఉండదట. వెలుతురు అల కన్నా చిన్న వస్తువును వెలుతురుతో విడదీసి చూడలేం కాబట్టి, వెలుతురు బదులు ఎలక్ట్రానులను పంపుతారట. గాజు కటకాల స్థానంలో అయస్కాంతాలు ఆ ఎలక్ట్రానులను వంచుతాయట. గొట్టంలో గాలి లేకుండా తోడేస్తారు కాబట్టి ప్రాణమున్నదాన్ని చూడలేరు, ఎండబెట్టిన పీనుగునే చూడాలి. అయితేనేం, మామూలు మైక్రోస్కోపుకు ఆనవాలు కూడా దొరకని వైరస్సు దానికి కడ్డీలా కనిపిస్తుందట. మొదట చదివినప్పుడు సంబరపడి క్లాసులో చెప్పాను. ఆ సాయంత్రం మాత్రం అదే కోపం తెప్పించింది. లోకం వెలుతురునే దాటిపోయింది, నేను ఒక పూలదండ దాటలేక కూచున్నాను.

దశమి పొద్దున హెడ్‌మాస్టరు గారు మాట నిలబెట్టుకున్నారు. నేను పోయేసరికే ఉద్వాసన చెప్పేసి, యంత్రాన్ని తానే మోసుకొచ్చి వరండాలో బల్ల మీద పెట్టారు. పక్కన ఒక గిన్నెలో ఆముదం కూడా. నేను కంటి కటకం మీది గంధపు చుక్కను తుడిచాను. కింది అద్దాన్ని ఆకాశం వైపు తిప్పి వెలుతురును లోపలికి పంపాను. చిన్న కటకంతో చూస్తే నెత్తుటి కణాలు ఎర్రటి బొంబాయిరవ్వ పోసినట్టు కనిపించాయి. పర్వాలేదు. రెండో కటకం తిప్పాను. రవ్వ కాస్తా నడుమ నొక్కిన చిన్న చిన్న బిళ్లలైంది. ఒక బిళ్లలో ఏదో నల్లటి చుక్క. అది పురుగు కావచ్చు, రంగు నలుసు కావచ్చు, దుమ్ము కావచ్చు. దాన్ని తేల్చడానికే కదా మూడోది ఉన్నది. ఆముదం చుక్క వేసి, నూనె కటకాన్ని మెల్లగా దించాను.

పొగమంచు. మంచు తప్ప ఇంకేమీ లేదు. గొట్టం పైకి కిందికి తిప్పాను, పలక జరిపాను, అద్దం తిప్పాను. కటకం తీసి మెత్తటి గుడ్డతో తుడిచి మళ్లీ పెట్టాను. అదే మంచు, ఎర్రగా. నూనె తప్పేమో అనుకుని తుడిచేసి మళ్లీ కొత్త చుక్క వేశాను. చివరికి కటకాన్ని మర విప్పి చేతిలోకి తీసుకుని, సాదా మైక్రోస్కోపు కింద పెట్టి చూశాను. గింజంత గాజు. దాని మీద అడ్డంగా, నిలువుగా, సుడులు సుడులుగా గీతలు. పిల్లలు అరగదీసిన పలకలా ఉంది.

“సార్, దీన్నెవరు తుడుస్తారు?”

ఆయన ముఖం వెలిగింది. “తుడిచేదా? ప్రతి ఏడూ పూజకు ముందు ఇంటికి తీసకపోతానయ్యా. మా ఇంట్లో ఆమె కుందులతో పాటు చింతపండు పెట్టి, బూడిదేసి తోముతుంది. ఇత్తడి ఎట్లా మెరస్తా ఉండాదో సూసినావు కదా.”

“ఈ చిన్న గాజు కూడానా సార్?”

“దాన్ని మాత్రం ఎందుకు వదిలిపెడుతుంది? మూల మూలా తోముతుంది ఆమె.”

కటకాన్ని ఆయన చేతికిచ్చి, సాదా మైక్రోస్కోపు ఆయన ముందుకు జరిపాను. ఆయన వంగి చూశారు. ఎంతోసేపు తల ఎత్తలేదు. ఎన్నేళ్లుగానో అవసరానికని దాచిపెట్టిన కన్ను అది. దాచిన చోటే, దండలు వేసిన చేతుల్లోనే గుడ్డిదైపోయింది. ఎవరూ వాడలేదు కాబట్టి ఎవరికీ తెలియలేదు. తల ఎత్తాక ఆయన అన్నది ఒక్కటే మాట. “ఆమెకు మాత్రం చెప్పొద్దయ్యా.”

ఇంకో దారి కూడా చూశాను. నల్లకాగితాన్ని బిళ్లలా కత్తిరించి, వెలుతురు వచ్చే దారి నడుమ అడ్డం పెడితే, నేరుగా వచ్చే వెలుతురు ఆగిపోయి పక్కల నుంచి వచ్చేది మాత్రమే వస్తువుకు తగులుతుంది. మిద్దె గవాక్షంలో నుంచి పడే ఎండలో దుమ్ము మెరుస్తుంది చూడండి, అట్లా చీకట్లో వస్తువు ఒక్కటే మెరుస్తుంది. రంగు వేయని, బతికున్న పురుగులకు అది మంచి ఉపాయం. ఆరిపోయి రంగు పట్టిన నెత్తుటికి పనికిరాదని తెలుసు. తెలిసీ చేశాను. అంతా కలిసి పిచ్చిగా మెరిసింది, అంతే. కాగితాన్ని నలిపి పారేశాను.

మళ్లీ రెండో కటకం దగ్గరికే వచ్చాను. ఆ చుక్క అక్కడే ఉంది. హెడ్‌మాస్టరు గారిని చూడమన్నాను. చూశారు.

“ఏదో చుక్క ఉండాదయ్యా.”

“పురుగే సార్ అది. చూశానని రాసివ్వండి.”

“నీకు తెలుసునా, అనుకుంటా ఉండావా?”

“అనుకుంటా ఉన్నాను.”

“అయితే చూసినానని నేనెట్లా సంతకం పెట్టేది?” ఆయన యంత్రం ముందు నుంచి లేచారు. “మీ నాయనకు మందు వస్తుందంటే నా చెయ్యి కోసిస్తాను. కానీ లేనిదాన్ని ఉండాదని రాస్తే, నిజంగా జబ్బు ఉండేవాడికి పోవాల్సిన మందు కదయ్యా అది.”

అక్కడే బల్లను తిరగదోయాలనిపించింది. ఎందుకంటే ఆయన చెప్పింది సరైన మాట. నేను క్లాసులో రోజూ చెప్పే మాట. చూసిందే గీయండి, చూడనిది గీయొద్దు అని అరిచి అరిచి చెప్పే మాట. తప్పు మాట్లాడి ఉంటే తిట్టి పోసేవాణ్ని. పలకను దూదిలో చుట్టుకుని, చెప్పకుండానే వచ్చేశాను.

ఆసుపత్రికి చేరేసరికి పొద్దు వాలుతోంది. డాక్టరుకు ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన నుదురు కొట్టుకున్నాడు. బీరువా వైపు ఒకసారి చూశాడు. చివరికి జ్వరాలన్నిటికీ ఇచ్చే ఎర్రనీళ్లే ఒక సీసాలో పోసిచ్చాడు. “చిత్తూరు నుంచి రేపో ఎల్లుండో రావచ్చు” అన్నాడు నేల చూస్తూ. వారం పడుతుందని చెప్పింది ఆయనే. నేను ఆ సంగతి గుర్తుచేయలేదు. సీసా తీసుకుని ఇంటికి నడిచాను.

ఎర్రనీళ్లు నాయన ఒక గుటక వేసి ఉమ్మేశాడు. “సూసినారా అద్దంలో?” అన్నాడు. “సరిగ్గా కనిపించలేదు నాయనా” అన్నాను. “కనిపించకపోతే లేనట్టేనా?” అన్నాడు. ఆయన నాతో తెలివితో మాట్లాడిన ఆఖరి మాట అది. మర్నాడు పొద్దున వణుకు వచ్చింది, జ్వరం వచ్చింది, చెమట రాలేదు. మడకను, ఎద్దులను పిలుస్తూ ఏదేదో మాట్లాడి, మధ్యాహ్నానికి తెలివి తప్పిపోయింది.

సరిగ్గా అప్పుడు డాక్టరు సైకిలు మీద వచ్చాడు. జేబులో నుంచి కాగితం పొట్లం తీశాడు. క్వినైను. ఎవరి సంతకమూ లేకుండా, రూలు పక్కన పెట్టి, తన మెడ మీదికి తెచ్చుకుని తీసుకొచ్చాడు. నేను నాయన తల ఎత్తి పట్టుకున్నాను, అమ్మ ఆయన నోరు తెరిచి పట్టింది, డాక్టరు మాత్రను నీళ్లలో నలిపి పోశాడు. నీళ్లు పెదవి చివర నుంచి కారిపోయాయి. ఎన్నిసార్లు పోసినా కారిపోయాయి. మింగే శక్తి పోయింది. డాక్టరు ఆ తెల్లటి నీళ్లను తన చొక్కాతోనే తుడిచాడు. చీకటి పడకముందే నాయన పోయాడు. ఒక్క పూట ముందు వచ్చి ఉంటే అని డాక్టరు మీద అరవబోయాను. ఆయన అరుగు మీద కూచుని ఏడుస్తుంటే అరవలేకపోయాను.

చిత్తూరుకు పంపిన పలక సంగతి ఏమైందో మాకు ఎప్పుడూ తెలియలేదు. నా దగ్గరున్న పలకను మాత్రం పారేయలేదు. చెక్కడబ్బీలో చీకట్లో పెట్టి ఉంచాను. యుద్ధం ముగిశాక, హెడ్‌మాస్టరు గారు రిటైరయ్యాక, నేను అడిగి అడిగి విసిగించగా మద్రాసు నుంచి కొత్త నూనె కటకం వచ్చింది. వచ్చిన రోజే, ఇంకెవరూ లేనప్పుడు, దాన్ని ఇత్తడి యంత్రానికి బిగించి మా నాయన నెత్తురును కింద పెట్టాను.

వెతకాల్సిన పనే లేకపోయింది. కన్ను పెట్టగానే ఉన్నాయి. ఎర్రటి కణాల్లో సన్నటి నీలం ఉంగరాలు, ఒక్కో ఉంగరానికి ఒక ఎర్రరాయి పొదిగినట్టు చుక్క. కొన్ని కణాల్లో రెండేసి. పలకను ఏ వైపుకు జరిపినా అవే. దాక్కున్నాయని పుస్తకాల్లో రాస్తారే, అవేమీ దాక్కోలేదు. బాజాలు పెట్టుకుని కూచున్నట్టు కూచున్నాయి. ఇవి నిజంగా ఎక్కడో మూలన ఒకటో అరో ఉండి ఉంటే నాకు ఇంత కోపం వచ్చేది కాదు.

ఆ వారమే ఊరికి పోయాను. అమ్మ వసారాలో శెనక్కాయలు వలుస్తోంది. పక్కన కూచుని అంతా చెప్పాను. కొత్త కటకం సంగతి, ఉంగరాల సంగతి, ఆ రోజు నేను చూసిన చుక్క పురుగేనన్న సంగతి. నేను అనుకున్నదే నిజమైందన్నాను. నా గొంతులో కాస్త గెలుపు కూడా ఉండి ఉంటుంది. అమ్మ వలవడం ఆపకుండా విన్నది.

“బాగా కనిపించినాయా?”

“బాగా కనిపించినాయమ్మా.”

“అయితే ఇప్పుడు మందిస్తారంటనా?” అని అడిగింది.

నేను చేతిలోకి ఒక కాయ తీసుకున్నాను. ఆమె ఇంకో దోసెడు కాయలు తీసి నా ముందు పోసింది.